బ్రేకు పట్టే చెయ్యి

పాకాల దాటి కాణిపాకం వైపు పోయే దారిలో దయానంద్ మామిడితోట ఉంది. తిరుమలలో దర్శనం చేసుకుని వచ్చే కుటుంబాలు కాసేపు కాళ్లు చాపుకోవడానికి అక్కడ ఆగుతాయి. గేటు పక్కన మిరపకాయ బజ్జీలు, నిమ్మకాయ సోడా అమ్మేది నేను, పంకజాక్షిని. లోపల లావు టైర్ల నాలుగు చక్రాల బండ్లు రెండు పెట్టుకుని, వచ్చినవాళ్లను తోట చుట్టూ తిరగనిచ్చేది మా ఆడబిడ్డ ప్రసన్నకుమారి. వాటిని ఏటీవీలు అంటారని బోర్డు మీద రాసి ఉంది. ఆ బోర్డు చదివేవాళ్లెవరు? మా చుట్టుపక్కల అందరికీ అది లావు బండి.

ప్రసన్న దగ్గర లావు బండి ఎక్కడం పెళ్లిచూపులకు కూర్చోవడం కన్నా కష్టం. నా బజ్జీలు రెండు వాయలు వేగి బయటికొస్తాయి, ఆమె ఇంకా మొదటి మనిషి దగ్గరే ఉంటుంది. ముందు చెయ్యి చాపమంటుంది. వేళ్ల మొదళ్లు మెల్లగా నొక్కి చూస్తుంది. పొట్టి వేళ్లయితే బ్రేకు లివరును లోపలికి జరిపి బిగిస్తుంది, పొడుగు వేళ్లయితే బయటికి. తరువాత యాక్సిలేటర్ దగ్గరున్న చిన్న స్క్రూ తిప్పుతుంది. అది ఎంత లోపలికి పోతే బండికి అంత తక్కువ వేగం. మనిషిని బట్టి, ధైర్యాన్ని బట్టి, ముఖ్యంగా పొగరును బట్టి ఆ స్క్రూ ఎంత తిప్పాలో ఆమె నిర్ణయిస్తుంది.

ఈ బండికి యాక్సిలేటర్ మెలితిప్పేది కాదు, కుడిచేతి బొటనవేలితో నొక్కేది. స్కూటర్ అలవాటున్నవాళ్లు హ్యాండిల్ మెలితిప్పి మెలితిప్పి, “బండి పాడైపోయిండాదా?” అని అడుగుతారు. అందుకే ఇంజిన్ వేయకుండానే అన్నీ చేయించి చూస్తుంది. రెండు బ్రేకులూ పట్టుకోమని, తను వెనక నుంచి బండిని తోస్తుంది. బండి కదిలిందంటే మనిషి దిగిపోవాల్సిందే. కదలకపోతే బొటనవేలితో యాక్సిలేటర్ నొక్కి వదలమంటుంది. వదలగానే అది టక్కున వెనక్కి రావాలి. ఆ టక్కు చెవికి వినిపించిన తరువాతే ఎర్ర తాడు మణికట్టుకు కడుతుంది. మనిషి జారిపడితే తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. అంతా అయ్యాక తాళం తిప్పుతుంది.

ఇక గుండ్ల సంగతి వేరే. తిరుమల నుంచి వచ్చినవాళ్ల నెత్తిన చల్లదనానికి గంధం పూసి ఉంటుంది. దాని మీద హెల్మెట్ పెడితే ముక్కు మీదికి జారుతుంది. ప్రసన్న దగ్గర ఒక పాత తువ్వాలు ఉంది. గంధం తుడిచి, నెత్తికి పల్చటి గుడ్డ చుట్టి, అప్పుడు హెల్మెట్ బిగిస్తుంది. ఒకసారి చెన్నై నుంచి వచ్చిన పెద్దమనిషికి కోపం వచ్చింది.

“దేవుడి గంధం తుడుస్తావామ్మా?” అన్నాడు.

“దేవుడి గంధమే సార్. దేవుడి మింద భారమేసి నేను బండి ఇచ్చేస్తే ఆయనకు తిరుమల పని ఇడిసిపెట్టి ఈడికి రావల్సొస్తాది గదా?” అంది ప్రసన్న.

ఆ పెద్దమనిషి నవ్వి నెత్తి వంచాడు. నేను మాత్రం బాణలిలో బజ్జీలు తిప్పడం మరిచిపోయాను. గిరాకీ పోతే బజ్జీలు కూడా పోతాయి కదా.

ఈ చెయ్యి చూసే విద్య ఆమెకు వాళ్ల నాయన దగ్గర నుంచి వచ్చింది. ఆయన చిన్నబ్బ, నాకు మామగారు. గాజుల చిన్నబ్బ అంటే ఇక్కడి పల్లెల్లో తెలియని ఆడది లేదు. తాళ్లకు గుత్తులు గుత్తులుగా గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని, మామిడితోటల మధ్య కాలిబాటల్లో జీవితమంతా నడిచాడు. ఎడమచేత్తో ఆడవాళ్ల చెయ్యి పట్టుకుని వేళ్ల కణుపులు దగ్గరికి నొక్కేవాడు, కుడిచేత్తో గాజు జరిపేవాడు. మాటల్లో పెట్టి, నవ్విస్తుండగానే గాజులు చేతికి చేరిపోయేవి. నా పెళ్లికి ముందు మా పల్లెకు వచ్చినప్పుడు నాకూ ఆయనే వేశాడు. “ఈ చెయ్యి మా ఇంటికి కావల్ల,” అని మా అమ్మతో అన్నాడట. నా మొహం కూడా సరిగా చూడలేదని ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటాను.

నిరుడు మామకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. ఎడమ చెయ్యి మాత్రం మాట వినలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో, తనకేమీ కాలేదని చూపించుకోవడానికి, కూతురిని పిలిచి గాజులు వేయబోయాడు. కణుపులు నొక్కే బలం చేతిలో లేదు. గాజు మధ్యలో ఇరుక్కుని పగిలి, ప్రసన్న చేతిలో దిగబడింది. ఆ రక్తం చూశాక మామ ఇంక గాజు ముట్టలేదు. మలారం అటకెక్కించేశాడు. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని, “నేనేమన్నా సంటిపిల్లోడినా?” అని విసిరేశాడు. అది పక్కింటి మేకకు తగిలి పెద్ద రభస అయింది.

ఆ రోజు నుంచి ప్రసన్న చేతులు బోసిగానే ఉన్నాయి. మొగుడు మునికుమార్ లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఇంట్లో లేని మనిషి పేరు చెప్పి ఊళ్లో ఆడవాళ్లు నన్ను దెప్పుతారు. నేను ఊరుకుంటానా? పోయి ప్రసన్నను తిట్టాను.

“గాజులు జారి బ్రేకు లివరుకు తగల్తాయి వదినా,” అంది.

అబద్ధం కాదు, కానీ అసలు సంగతీ కాదు. పుట్టిన దగ్గర నుంచి ఆమె వాళ్ల నాయన వేసిన గాజులే వేసుకుంది. ఇంకొకరి ముందు చెయ్యి చాపడం ఆమెకు చేతకాదు. అది నాకు తెలుసు, మామకూ తెలుసు. ఆ బోసి చేతులు కనిపించినప్పుడల్లా మామ ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

ఇంట్లో ఒక్కడే కూర్చుంటే దిగులు పడతాడని పొద్దున్నే నాతో పాటు తోటకు తీసుకొచ్చి కొట్లో స్టూలు మీద కూర్చోబెట్టేదాన్ని. అక్కడ నుంచి ప్రసన్న బండ్ల దగ్గర చేసే పనంతా చూస్తుండేవాడు. లావు మనుషులు, గుండు మనుషులు, కేకలు వేసే మనుషులు బండ్లెక్కి తోట చుట్టూ తిరిగి వస్తుంటే చూసి చూసి, ఒకరోజు కర్ర నేలకు తాటించాడు.

“నేనూ ఎక్కతా,” అన్నాడు.

నేను నవ్వాను. మామ నవ్వలేదు.

“నవ్వద్దు పంకజా. పొద్దున లేస్తే ఎవరో ఒకరు నన్ను ఎత్తి కూసోబెడతా ఉండారు, ఎత్తి పండబెడతా ఉండారు. నా అంతట నేను యాడికన్నా పొయ్యి ఎన్నాళ్లయింది? ఒక్కతూరి ఆ పైకట్ట దాకా పొయ్యి రావల్ల.”

పైకట్ట అంటే తోట చివర ఎత్తుగా ఉన్న గట్టు. గాజులమ్ముకునే రోజుల్లో మలారం దించి, నీళ్లు తాగి, ఎదురుగా కనిపించే పల్లెల్లో ఈ పూట ఏ పల్లెకు పోవాలో అక్కడే నిలబడి తేల్చుకునేవాడు. బాట బాగానే ఉంటుంది, కానీ తిరిగొచ్చేటప్పుడు దిగుడు. ఆయన కర్రతో నడిచే బాట కాదు.

ప్రసన్న కాదనలేదు. నాయనను బండి మీద కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టి, ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసింది. లివరును ఎంత లోపలికి జరపవచ్చో అంత జరిపింది. కేబుల్ నట్టు కొంచెం బిగించింది. తరువాత వెనక్కి పోయి, “ముందు ఎడమది ఒక్కటే పట్టుకో నాయనా,” అని బండిని తోసింది. బండి దర్జాగా ముందుకు కదిలింది.

“కుడిచేతి బ్రేకు ఉండాది గదా,” అన్నాడు మామ.

“ఎడమది వెనక చక్రాలకు. దిగుడులో ముందు చక్రాల బ్రేకు ఒక్కటే పడితే బండి జారతాది నాయనా. రెండూ పడల్ల.”

“ఇంకాస్త బిగించు.”

“ఇంక బిగిస్తే ఇడిసినాక కూడా బ్రేకు చక్రాన్ని పట్టుకొనే ఉంటాది. కాలిపోతాది. బండిని నీ చేతికి ఎంత దగ్గరికి తేగలనో అంత తెచ్చినాను. మిగతా దూరం నీ చెయ్యే రావల్ల.”

పక్కనున్న దయానంద్‌కు జాలేసింది. తోట అతనిది, బండ్లు అతనివి. “ఒక్క చుట్టే కదమ్మా, మీ నాయనే కదా, పోనీయ్,” అన్నాడు.

“మా నాయనని పోనిస్తే రేపు ఎవురి నాయనని ఆపేది సార్?” అని ప్రసన్న తాళం తీసి నడుముకు దోపుకుంది.

మామ దిగాడు. కర్ర అందిస్తే కూడా తీసుకోలేదు. ఆ రాత్రి కూతురు వండి పంపిన సంగటి ముట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మరుసటి రోజు ప్రసన్నను పట్టుకుని, “నువ్వు కూతురివా, ఆర్టీవో ఆఫీసువా? ముసలాయన ముచ్చట తీర్చలేవా?” అని అరిచాను.

ఆమె నన్ను చూడకుండా టైరుకు అంటిన మట్టి గోకుతూ ఉంది. “దిగుడులో బండి ఆగకపోతే నేను ఏమని ఏడ్సేది వదినా?” అంది. నాకు ఇంకో మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో అరుదైన విషయం.

మామ అలక ఎక్కువ కాలం నిలవలేదు. ఒకరోజు సోడాకు గిరాకీ పెరిగి నేను సతమతమవుతుంటే, అడగకుండానే నిమ్మచెక్క ఎడమచేతిలోకి తీసుకుని గ్లాసు మీద పిండడం మొదలుపెట్టాడు. రెండు చుక్కలు రాలాయి. నేను మెల్లగా ఆ చెక్క తీసుకుని మళ్లీ పిండితే గ్లాసులో సగం రసం దిగింది. ఆయన చూడనట్టు నటించాడు, నేను పిండనట్టు నటించాను. రబ్బరు బంతి సంటిపిల్లల పని, నిమ్మకాయలు వ్యాపారం. మరుసటి రోజు నుంచి నా కొట్లో నిమ్మకాయలన్నీ ఆయన ఎడమచేతివే. ఆయన పిండి పారేసిన చెక్కలు నేను ఏరి మళ్లీ పిండుకునేదాన్ని. పిండుతూనే ప్రసన్న వైపు చూసేవాడు. పెదాలు కదులుతుండేవి. బ్రేకు, తోయడం, బొటనవేలు, టక్కు, తాడు, తాళం. ఒకప్పుడు పల్లె మొదట్లో గాజులమ్మా గాజులు అని పాడిన నోరు ఇప్పుడు ఇది వల్లించేది.

మామిడిచెట్ల కింద ఎండుటాకులు ఊడ్చే రోజుల్లో, ఆయన పారేసిన చెక్క ఒకటి తీసి మామూలుగా పిండాను. చుక్క రాలేదు. ఇంకొకటి తీశాను. అదీ పొడిగానే ఉంది. అరుద్దామనుకున్నాను, సంతోషంతో. కానీ ఆయన నన్ను ఓరగా చూసి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అలా రెండోసారి నాకు నోరు మూసుకోక తప్పలేదు.

ఆయుధపూజ వచ్చింది. తమిళనాడు పక్కనే కాబట్టి మా వైపు ఆ పండగ గట్టిగానే చేస్తారు. తోటలో నీళ్ల మోటారు మొదలుకొని పార దాకా అన్నీ కడిగి బొట్లు పెట్టాలి. ప్రసన్న బండ్లు కడిగి పెట్టింది. అలంకరణ నాది. బొట్టు పెట్టడంలో నాకు పొదుపు తెలియదు. పసుపు, గంధం ముద్దగా కలిపి, హ్యాండిల్‌కు, లైట్లకు, లివర్లకు, అన్నిటికీ మెత్తి పైన కుంకుమ అద్దాను. అక్టోబరు ఎండకు అవి చక్కగా ఆరిపోయాయి. చామంతి దండలు వేస్తుంటే మాత్రం ప్రసన్న అడ్డం వచ్చి, హ్యాండిల్‌కు చుట్టుకోకుండా వెనక సీటుకు కట్టించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. దయానంద్ కొబ్బరికాయ కొట్టాడు.

“ఇంక బండి కదిలించండి, నిమ్మకాయలు తొక్కించల్ల. రాహుకాలం వచ్చేస్తా ఉండాది. బిన్నా కానీండి,” అని తొందరపెట్టాడు.

“నేను తొక్కిస్తా,” అన్నాడు మామ.

ప్రసన్న నాయన ముఖం చూసింది. ఎడమ చెయ్యి చూసింది. పోయి హెల్మెట్ తెచ్చింది. మామ కర్ర నాకిచ్చి, తనంతట తనే కాలు ఎత్తి బండి మీద కూర్చున్నాడు. రెండు చేతులూ రెండు లివర్ల మీద బిగిశాయి. ప్రసన్న వెనక్కి పోయి తోసింది. బండి కదల్లేదు. కాలు వెనక్కి తన్నిపెట్టి తోసింది. కదల్లేదు.

“కుడిది ఇడిసిపెట్టు నాయనా. ఎడమది ఒక్కటే పట్టు.”

వదిలాడు. ప్రసన్న తోసింది. నేను పోయి తోశాను, బజ్జీలు తిన్న ఒళ్లు నాది. దయానంద్ కూడా రాహుకాలం మరిచిపోయి వచ్చి భుజం పెట్టాడు. బండి నేలలో పాతినట్టు ఉంది. మామ ఎడమ చెయ్యి మీద నరాలు తేలాయి. నవ్వు ఆపుకోలేక హెల్మెట్ ఊగుతోంది.

ప్రసన్న పమిటతో కళ్లు తుడుచుకుంది. ఎవరిని పొగడాలో, ఎవరిని పట్టుకుని ఏడవాలో తెలియని సంతోషంలో, నడుము దగ్గర నుంచి తాళం తీసి నేరుగా బండికి పెట్టబోయింది.

“ఉండమ్మా,” అన్నాడు మామ. “బొటనవేలిది సూడల్యా.”

ప్రసన్న చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆమె ఒక మెట్టు దాటేయడం అదే మొదటిసారి. మామ కుడి బొటనవేలితో యాక్సిలేటర్ నొక్కాడు. వదిలాడు. టక్కు వినిపించలేదు. యాక్సిలేటర్ మీట నొక్కినచోటే ఉండిపోయింది.

“ఇది వెనక్కి రాల్యా,” అన్నాడు మామ.

ప్రసన్న వంగి చూసింది. ఆ మీట సందులో నా గంధం ముద్ద గట్టిగా ఎండిపోయి ఉంది. అందరూ నా వైపు చూశారు. బండి ముందు నేరుగా ఏముందో నేను చూశాను. నా కొట్టు, పొయ్యి మీద సలసల కాగుతున్న నూనె బాణలి. ఇంజిన్ వేసి బండి కదిలిస్తే వేలు తీసినా అది ఆగదు.

“దేవుడి గంధం గదా, తుడుస్తావా మల్ల?” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“గుండు అయినా, బండి అయినా తుడిసేదే వదినా,” అని ప్రసన్న పాత తువ్వాలు తడిపి తెచ్చింది. సందుల్లో గంధం తీసింది, చుక్క నూనె వేసింది. హ్యాండిల్ నేరుగా పెట్టి ఒకసారి, ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి నొక్కించింది. ప్రతిసారీ టక్కు మోగింది. బ్రేకు లివర్లు కూడా నున్నగా తుడిచింది. ఈ పనంతా అయ్యేసరికి రాహుకాలం వచ్చేసిందని దయానంద్ గడియారం చూపించాడు.

“రాహువు వస్తే రానీ అబ్బా. బండి తోలేది నేను గదా,” అన్నాడు మామ.

తాడు మణికట్టుకు కట్టింది. స్క్రూను చివరిదాకా తిప్పింది. తాళం తిప్పింది. నిమ్మకాయలు పిటపిటమని చితికాయి. బండి నడకవేగంతో బయలుదేరింది. పక్కనే ప్రసన్న నడుస్తోంది. తోటలో కోడి ఒకటి వాళ్లను దాటిపోయి, వెనక్కి తిరిగి చూసింది కూడా. మామ పట్టించుకోలేదు. వీపు నిటారుగా పెట్టి, మలారం భుజాన ఉన్నట్టే, పైకట్ట వైపు పోయాడు.

గట్టు మీద బండి ఆపి చాలాసేపు పల్లెల వైపు చూశాడు. నేను కింద నుంచి చూస్తున్నాను, బజ్జీలు మాడుతున్నా కదల్లేదు. తిరిగి దిగుడు మొదలైంది. ప్రసన్న చెయ్యి ఎర్ర తాడు దగ్గరగా పోయింది. బండి కొంచెం జోరందుకోబోయింది, మామ మోచేతులు వెనక్కి వచ్చాయి, బండి నెమ్మదించింది. దిగుడు మధ్యలో, ఎవరూ అడగకుండానే, ఒకసారి పూర్తిగా ఆపి చూపించాడు. ప్రసన్న చెయ్యి కిందికి దించుకుని, ఊరికే పక్కన నడుచుకుంటూ వచ్చింది.

ఆ పూట నుంచి నాకు లైట్ల మీద తప్ప ఇంకెక్కడా బొట్టు పెట్టే అధికారం లేదు. అది అలా ఉంచితే, మామ బండి దిగగానే నన్ను పిలిచాడు.

“పంకజా, ఆ సంచి తీసుకురా.”

పొద్దున ఇంటి నుంచి ఆయన ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న సంచి. పూజ సామాన్లేమో అనుకున్నాను. విప్పితే అటక మీది మలారం. దుమ్ము తుడిచి ఉంది. ఎప్పుడు దించమన్నాడో, మా ఆయన నాకు చెప్పకుండా ఎప్పుడు దించాడో.

మామ స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపాడు. ప్రసన్న ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎడమచేత్తో కూతురి చెయ్యి పట్టుకుని కణుపుల మీద వేళ్లు పెట్టాడు.

“స్పానర్లు పట్టి చెయ్యి గట్టిపడిపొయ్యిండాది,” అన్నాడు.

ఒక గుత్తి తీసి చూసి పక్కన పెట్టాడు. ఇంకో గుత్తి తీశాడు. మణికట్టు మీద కదలకుండా కూర్చునేవి, జారి వేళ్ల మీదికి రానివి, ఆకుపచ్చవి ఏరాడు. “ఇవి బ్రేకుకు తగలవులే. చూసే ఏరినా,” అన్నాడు. తరువాత కూతురిని మాటల్లో పెట్టాడు. ఆ కోడి సంగతి చెప్పాడు. దాన్ని కూడా ఆపి, కాళ్లకు బ్రేకులున్నాయో లేదో తోసి చూడమన్నాడు. ప్రసన్న ఏడుస్తూ నవ్వింది. నవ్వుతుండగానే ఆ వేళ్లు నొక్కాయి, గాజులు జరిగాయి.

రెండు చేతులకూ నిండుగా వేశాడు. ఒక్కటీ పగల్లేదు.